ఆగే అంటే ఆగిన గుర్రం

మొన్న శనివారం దాదర్‌లో మన తెలుగువాళ్ల సభ ఒకటి ముగించుకుని బస్సెక్కాను. సభలో ఏం జరిగిందని అడక్కండి, శాలువాలు జరిగాయి. బస్సు కిక్కిరిసి ఉంది, నా వెనక ఇంకో పదిమంది ఎక్కారు. కండక్టర్ అలవాటు ప్రకారం "ఆగే, ఆగే చలో" అని గొంతెత్తాడు. నా కాళ్లు ఠక్కున ఆగిపోయాయి. వెనకవాళ్లు వచ్చి నా వీపు మీద పడ్డారు. ఒకావిడ సంచిలోని ములక్కాడలు నా నడుముకు గుచ్చుకున్నాయి. చెవుడా తాయీ అని కండక్టర్ మరాఠీలో విసుక్కున్నాడు. వినపడింది కాబట్టే ఆగాను, ఆగమన్నది నువ్వే కదా అని నేనూ మరాఠీలోనే అప్పజెప్పాను. అతనికేం అర్థమవుతుంది. యాభై దాటిన మనిషిని, బీమా ఆఫీసులో పాతికేళ్లుగా జనంతో హిందీలో పోట్లాడుతున్నదాన్ని, ఆగే అంటే ముందుకు పదమని తెలియక కాదు నేను ఆగింది. పొద్దుట్నుంచీ తెలుగు విన్న చెవులు ఆ పూటకింకా తెలుగులోనే ఉన్నాయి. సీటు దొరికాక నవ్వొచ్చింది. ఆ వెనకే ఇంకేదో వస్తుంటే కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. సరిగ్గా ఇదే పొరపాటు మా ఇంట్లో ఒక గుర్రం చేసింది. గుర్రం చేసిందా, మా మామ చేశాడా అన్నది అప్పట్లో పెద్ద వాదం.

మాది కామాఠిపురా. ఈ పేరు వినగానే కొందరి కనుబొమలు పైకి లేస్తాయి. దించుకోండి. కామాఠీలంటే మేమే, పాలమూరు వైపు నుంచి రాళ్లు మోయడానికి, గోడలు లేపడానికి వచ్చిన తెలుగువాళ్లం. ఈ ఊరికి గోడలు కట్టిన వాళ్ల పేరు ఒక పేటకు పెట్టి, చివరికి ఆ పేటలో పుట్టామని చెప్పుకోవడానికి వాళ్ల పిల్లలే తడబడేలా చేశారు. ఈ మాట మీద నేను రెండు పెళ్లిళ్లలో, ఒక రేషన్ షాపులో తగాదా పడ్డాను కాబట్టి ఇక్కడ వద్దు. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, మేముండే వరసగదుల చాల్‌లోనే కింది అంతస్తులో ఉండేవాడు. సుతారి మేస్త్రీ, అంటే తాపీపని. అందులోనూ గచ్చు చేయడంలో ఆయన చేతికి పేరు. మామ చేసిన గచ్చు మీద చెంబుడు నీళ్లు పోస్తే, ఏ మూలకు పొమ్మంటే ఆ మూలకు పోయేవి. నలభై ఏళ్లు గొంతుక్కూర్చుని గచ్చులు మెత్తి మెత్తి ఆయన మోకాళ్లు పోయాయి. నేను చెప్పబోయే రోజులకు పని మానేసి ఏడాదవుతోంది. మనిషి మానేశాడు గానీ చేయి మానలేదు. కూర్చున్నచోటే అరచేత్తో నేలను నిమురుతుండేవాడు, అదేదో పెంపుడు జంతువైనట్టు.

అప్పుడే సముద్రం ఒడ్డున షికారుకు తిప్పే గుర్రబ్బండ్లను ఆపించేశారు. విక్టోరియా అనేవాళ్లం వాటిని, వెండిరేకు పూలు తొడిగి తళతళలాడేవి. ఆపడం మంచిదే. డాంబరు రోడ్ల మీద, ఎండలో, ఎముకలు కనబడే గుర్రాలను చూసి నేనూ ఒకరిద్దరు బండివాళ్లతో కొట్లాడినదాన్నే. కానీ బండి ఆగిన మర్నాడు గుర్రం ఏం తింటుందన్న ఆలోచన నాకు రాలేదని ఒప్పుకోవాలి. ఆ ఆలోచన మామకూ రాలేదు, గుర్రమే ఎదురొచ్చింది. ఆయన ఆరోజు నాగ్‌పాడాలో ఒక వర్క్‌షాపుకు వెళ్లింది తాపీకి కొత్త పిడి వేయించుకురావడానికి. ఇక పట్టుకోని తాపీకి పిడి ఎందుకని అడగవద్దని అత్త మమ్మల్ని ముందే హెచ్చరించింది. వర్క్‌షాపు వెనక సందులో, ఇనుప తుక్కు పక్కన, ఒక ఆడగుర్రం కట్టేసి ఉందట. యజమాని గుర్రాలను కట్టే తబేలా ఎత్తేసి వేరే పనిలో పడ్డాడు. దాన్ని ఎవరూ కొనలేదు. అది వడాపావ్ కాగితాలు నములుతోంది. తీసుకుపోతే తీసుకుపో అన్నాడట యజమాని.

పది నిమిషాల దారి. రెండు గంటలు పట్టింది. మధ్యాహ్నం గల్లీలో గోల విని నేను గ్యాలరీలోకి వచ్చి చూస్తే, మామ ఒక కాలు ఈడ్చుకుంటూ, ఆయన వెనక మట్టిరంగు గుర్రం నాలుగు కాళ్లూ ఈడ్చుకుంటూ వస్తున్నారు. వీపు మీద జీను ఒరుసుకున్నచోట అరచేయంత పుండు, దాని మీద ఈగలు. డొక్కలు లెక్కపెట్టుకోవచ్చు. గిట్టలు కోయక పెరిగి పెరిగి, ముందుకు వంగి, పాత కాలపు చెప్పుల మొనల్లా తేలి ఉన్నాయి.

అత్త గుమ్మంలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది. "తాపీ తెస్తనని పోయి గిదేందయ్యా తెచ్చినవ్?"

"తాపీ ఆడ్నే ఉన్నది. రేపు తెస్త."

నేను పైనుంచే అందుకున్నాను. "మామా, మన్సులు పండుకోనీకె జాగ లేదు ఈ చాల్‌ల. గుర్రం ఏడ పండుకుంటది?"

"గుర్రం నిలవడే నిద్రపోతదే. నీకంటె తక్వ జాగ."

గల్లీ అంతా నవ్వింది. ఆ వాదంలో నేను ఓడాను. అది నాకు అరుదు కాబట్టి గుర్తుంది.

చాల్ వెనక మా తాత కాలం నుంచీ పరంజా కర్రలు, తట్టలు, పారలు పెట్టుకునే రేకుల షెడ్డు ఒకటి మా కుటుంబానిది. అందులో కట్టేశాడు. అత్త జాలిపడి నాలుగు జొన్నరొట్టెలు విరిచి పెట్టింది. మర్నాడు జంతువుల ఆస్పత్రి నుంచి నేను పిలుచుకొచ్చిన డాక్టరమ్మ, సన్నగా రివటలా ఉండే మరాఠీ పిల్ల, ఆ రొట్టెల సంగతి విని అత్తను చిన్నపిల్లను తిట్టినట్టు తిట్టింది. మాడిన కడుపుకు ఒక్కసారిగా పెడితే గుర్రం చచ్చిపోతుందట. గుప్పెడు గుప్పెడు ఎండుగడ్డి, గంటగంటకూ. పుండు ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లతో కడగాలి, ఈగ వాలకూడదు. చివరగా షెడ్డు నేలను చెప్పుతో తట్టి చూసింది. ఇంత గట్టి గచ్చు మీద దీని గిట్టలు ఎన్నటికీ కోలుకోవు, లోపల నొప్పి, మెత్తటి నేల కావాలి అంది. కాళ్లు బాగుపడితే బతుకుతుంది, పడకపోతే నొప్పి లేకుండా ఇంజెక్షన్ ఇచ్చి పంపేయడమే దయ అని కూడా అంది. ఈ చివరి మాట నేను మామకు తెలుగులో చెప్పలేదు. ఆయనకు మరాఠీ నాకంటే బాగా వచ్చని ఆ క్షణంలో మర్చిపోయాను.

మర్నాడు పొద్దున సుత్తి చప్పుడుకు మెలకువ వచ్చింది. వెళ్లి చూస్తే మామ షెడ్డులో బోర్లా వంగి, ఉలి పెట్టి గచ్చు పగలగొడుతున్నాడు. గుర్రం బయట గ్యాలరీ స్తంభానికి కట్టేసి ఉంది. ఆ గచ్చు ఆయన పెళ్లయిన కొత్తలో తన చేత్తో చేసినది. అద్దంలా ఉంటుందని మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చూపించేది. మామా, ఎవరినైనా కూలికి పిలుద్దామన్నాను. "నేనే చేసిన. నేనే తీస్త," అన్నాడు, తలెత్తకుండా. నాలుగు రోజులు పట్టింది. అడుగున మట్టి కనబడింది, నల్లగా, తడిగా, మా తాతలు ఈ ఊరికి వచ్చినప్పుడు తొక్కిన మట్టి. దాని మీద ఇసుక పోసి, రంపపు పొట్టు పరిచాడు. అరచేత్తో నిమిరి చూశాడు. గచ్చును నిమిరినంత శ్రద్ధగానే.

నాగ్‌పాడా నుంచి నాడాలు కొట్టే చాచాను కూడా ఆయనే వెతికి తెచ్చాడు. నాల్‌బంద్ అంటారు వాళ్లను. గుర్రాలు పోయాక ఆ చాచాకూ పని లేదు, తాళాలకు చెవులు చేస్తున్నాడు. జీవితమంతా నాడాలు బిగించిన మనిషి మా షెడ్డులో కూర్చుని నాలుగు నాడాలూ పీకేశాడు. గిట్టలు ఒకేసారి కోయకూడదట. మూడు వారాలకోసారి వచ్చి గోరంత గోరంత చెక్కేవాడు. చెక్కినంతసేపూ మామతో ఒక్క మాట ఉండదు. అత్త ఇద్దరికీ చాయ్ ఇచ్చేది, మూడో గ్లాసులో నాకు. పేరేం పెట్టావు మామా అని అడిగితే, "పేరెందుకే? పోరీ అంటె చెవులు ఎత్తుతది, సాలదా?" అన్నాడు. అలా అది పోరి అయింది.

చాల్‌లో గొణుగుడు మొదలైంది. వాసన అన్నారు, దోమలన్నారు. మొదటిరోజు అందరికంటే పెద్దగొంతుతో అభ్యంతరం చెప్పింది నేనే కాబట్టి, నన్ను నాయకురాలిగా నిలబెడదామని నలుగురు పై అంతస్తులో నా ఖోలీకి వచ్చారు. వచ్చినవాళ్లకు నేను తాగి నాలీలో పడే మొగుళ్ల వాసన గురించి, తీయని చెత్త గురించి, మేడ మీద నుంచి విసిరే ఎంగిలి గురించి వివరంగా చెప్పి పంపించాను. పూటుగా వాదించాక తెలిసింది, నేను ఎప్పుడో పోరి పక్షంలో చేరిపోయానని. ఆఫీసు నుంచి రాగానే పైకి పోకుండా షెడ్డులోకి పోతున్నాను. దాని మెడ కింద మెత్తగా, వెచ్చగా ఒక చోటు ఉంటుంది, అక్కడ చెంప ఆనిస్తే ఎండుగడ్డి, ఉప్పునీళ్లు, పసుపు, చెమట కలిసిన వాసన. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడా దొరకలేదు. వెతకలేదని అనను.

రెండు నెలలకు పుండు మానింది. అక్కడ తెల్లవెంట్రుకలు మొలిచాయి. మెల్లగా నడిపించండి అంది డాక్టరమ్మ. మామకు పండగైంది. ఉతికిన చొక్కా వేసుకుని, పొద్దున్నే పోరిని గల్లీలోకి తీశాడు. పది అడుగులు వేశాక ఎదురుగా పావ్‌వాలా సైకిల్ వచ్చింది. మామ తాడు పట్టుకుని "ఆగే" అన్నాడు, మనింట్లో ఆడపిల్లను ఆగమన్నట్టు. గుర్రం ముందుకు కదిలింది. "ఆగే పోరీ, ఆగే," అన్నాడు గట్టిగా. అది వేగం పెంచింది. ఆయన అరిచినకొద్దీ అది విధేయంగా పరుగెత్తింది. మోకాళ్లు లేని మనిషి తాడు వదలకుండా, మోకాళ్లు కొత్తగా వచ్చిన గుర్రం వెనక, నాగ్‌పాడా నాకా దాకా పోయాడు. అక్కడ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ పోలీసు చేయి చూపిస్తే ఆగింది. పోలీసు చెయ్యికి ఏ భాషా అక్కర్లేదు.

ఒగరుస్తూ వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. "పానం పోయినంత పనైంది. వద్దు వద్దంటె ఉరుకుతది. చెవుడేమో దానికి."

నాకు అప్పుడు వెలిగింది. "చెవుడు కాదు మామా. దానికి హిందీ వస్తది. ఇన్నేండ్లు విక్టోరియావాళ్లు ఆగే ఆగే అని ఉరికించిన్రు. నువ్వు ఆగే అంటివి, అది ఆగే అనుకున్నది."

అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. మామ మాత్రం అరచేత్తో గుమ్మాన్ని నిమిరాడు. రుక్ అను, నీ పని అయిపోతుందని నేను సలహా ఇచ్చాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "పుట్టినకాంచి అందరు ఒక్కటే మాట చెప్పిన్రు దానికి, ముందుకు ముందుకు అని. ఆగుమని చెప్పెటోడు ఒక్కడన్న ఉండాలె గద."

గుర్రానికి తెలుగు నేర్పే కార్యక్రమం అలా మొదలైంది. "పా" అంటే నడవాలి. "ఆగే" అంటే నిలబడాలి, నిలబడితే బెల్లంముక్క. మొదట్లో గల్లీ అంతా తమాషా. మా చాల్ పిల్లలకే తెలుగు రాదు. తాతతో హిందీ, బడిలో మరాఠీ, ఫోన్లో ఇంకేదో. వాళ్ల ముందే మామ పోరి మెడ తట్టి, మీకంటే ఇది నయమని ఎత్తిపొడిచేవాడు. నెల తిరిగేసరికి నిజంగానే, నడుస్తున్నది నడుస్తున్నట్టే, "ఆగే" అన్న ఒక్క మాటకు నాలుగు గిట్టలూ నేలకు అతికినట్టు నిలిచేది. మామ గొంతు కూడా పెంచేవాడు కాదు. ఇద్దరూ పొద్దున ఏడింటికి బయల్దేరి గల్లీ చివరి దాకా పోయి వచ్చేవారు, ఒకరి మోకాళ్ల కోసం ఒకరు ఆగుతూ.

జూన్ దగ్గరపడింది. వాన పడితే షెడ్డులోకి మోకాలి లోతు నీళ్లొస్తాయి, ఏటా వచ్చేవే. ఘాట్ కింద, కర్జత్ దాటాక, ఇలా వదిలేసిన గుర్రాలను ఉంచుకునే చోటు ఒకటుందని, పచ్చిక ఉందని, ఒక్క గుర్రానికి జాగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. మామ విననట్టు గడ్డి పరిచాడు. తరవాత షెడ్డు చుట్టూ కట్ట పోస్తానన్నాడు, నేల ఎత్తు చేస్తానన్నాడు, ఒక్క వానాకాలం చూద్దామన్నాడు. డాక్టరమ్మ నా వైపు చూసింది. ఆమె చూడకపోయినా నేను ఊరుకునేదాన్ని కాదు. వాదనంటే నాకు ఎండాకాలంలో చల్లనీళ్లు తాగినట్టుంటుంది. తడిలో గిట్టలు కుళ్లితే ఏం చేస్తావన్నాను. గుర్రం ఒంటరిగా బతికే జాతి కాదన్నాను. ఇంకా ఏమేమో కాలేజీలో చదువుకున్నదాన్నని తెలిసేలా అన్నాను. ఆయన దేనికీ లొంగలేదు. అప్పుడు చివరి మాట వదిలాను.

"వాండ్లు దాన్ని బండికి కట్టిన్రు. నువ్వు నీ ముచ్చటకు కట్టినవ్. దాని మెడకు ఏ తాడైతేంది మామా."

మామ లేచి, మోకాలి మీద చేయి ఆనించి, షెడ్డులోకి వెళ్లాడు. మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ, "డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి," అన్నాడు. నేను గెలిచాను.

ఆదివారం మధ్యాహ్నం టెంపో వచ్చింది. వెనక పలక వాల్చి, దాని మీద గోనెపట్టా పరిచారు. ఇద్దరు మనుషులు తాడు పట్టుకుని పోరిని నడిపించారు. పలక మీద ముందుకాళ్లు పెట్టిందో లేదో, ఎక్కించడానికి వాళ్లు అలవాటుగా అందుకున్నారు, "ఆగే, ఆగే, ఆగే" అని. పోరి నిలిచిపోయింది. వాళ్లు తాడు లాగి, "ఆగే" అని అరిచారు. అది ఇంకా బిగుసుకుంది. చెవులు మామ వైపు తిప్పి, నాలుగు గిట్టలూ అతికించుకుని, తాను నేర్చుకున్న పాఠం అప్పజెబుతూ నిలబడింది, బెల్లంముక్క కోసం. ఇంత మొండి గుర్రాన్ని చూడలేదన్నారు టెంపోవాళ్లు. గల్లీలో ఒక్కరూ నవ్వలేదు. అందరికీ అర్థమైంది. పిల్లలకు కూడా.

దాన్ని కదిలించగల మాట అక్కడ ఒక్కరి నోటికే ఉంది. మామ గుమ్మంలో కూర్చునే ఉన్నాడు. నేను ఆయన వైపు చూడలేకపోయాను. కాసేపటికి లేచి వచ్చాడు. జేబులోంచి బెల్లం తీసి పెట్టాడు. అది నమిలేదాకా ఆగాడు. తరవాత దాని చెవి దగ్గర, ఎవరికీ వినపడనంత మెల్లగా, "పా బిడ్డ," అన్నాడు. పోరి ఎక్కేసింది. వెనక్కి చూసిందని రాస్తే బాగుంటుంది. చూడలేదు. పా అంటే ముందుకే చూడాలని నేర్పింది ఆయనే.

వారానికే అక్కడినుంచి ఫోన్ వచ్చింది. గుర్రం తింటోంది గానీ ఎంత చెప్పినా కొట్టం నుంచి బయటికి రావడం లేదు, ఆగే అంటే నిలబడిపోతోందని. మామ ఫోన్ స్పీకర్‌లో పెట్టించి ఆయనే పా అని చెప్పాడు. గిట్టల చప్పుడు ఫోన్లో మాకు వినపడింది. ఆ తరవాత వాళ్లు కొట్టం తలుపు మీద ఆ రెండు మాటలూ నాగరి లిపిలో రాసుకున్నారు. మామ ఒక్కసారి వెళ్లి చూసి వచ్చాడు. ఎట్లుంది మామా అంటే, "మంచిగున్నది. దోస్తులైన్రు," అన్నాడు. షెడ్డులో గచ్చు మళ్లీ చేయలేదు. వానలు తగ్గాక ఆ మట్టిలో, దాణా నుంచి ఒలికిన శనగలు మొలిచాయి. మా గల్లీ మొత్తంలో మట్టి కనబడే చోటు అదొక్కటే. సాయంత్రాలు ఆయన అక్కడ కూర్చుని ఆ మొలకలకు నీళ్లు చల్లేవాడు. నేను ఆఫీసు నుంచి వచ్చి పక్కన కూర్చునేదాన్ని. ఆ తాడు మాటకు క్షమించమని అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను. కానీ నేను చెప్పింది తప్పు కాదు. ఇప్పటికీ తప్పు కాదనే వాదిస్తాను, ఎవరొస్తారో రండి. వచ్చేవాడు లేడు. రెండు చలికాలాల కిందట మామ పోయాడు.

ఆయన పోయాక ఒకసారి కర్జత్ వెళ్లాను. పోరి లావెక్కింది, నడుం కిందికి జారింది, కళ్ల చుట్టూ నెరిసింది. నా చేతులు వాసన చూసింది. బెల్లం తేవడం మర్చిపోయాను. నన్ను గుర్తుపట్టిందో లేదో, నిమ్మళంగా తిరిగి మిగతా గుర్రాల వైపు నడవడం మొదలుపెట్టింది. నాకే తెలియకుండా నా నోటి నుంచి మామ గొంతు వచ్చింది. "ఆగే."

నిలిచిపోయింది. ఒక చెవి మాత్రం వెనక్కి తిప్పి, ఎండలో, తోక కూడా ఆడించకుండా నిలబడింది. ఆయన నేర్పిన తెలుగు అంత శ్రద్ధగా వినేవాళ్లు ఈ లోకంలో ఇంకెవరు మిగిలారు. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. నేను చెప్పేదాకా అది కదలదని నాకు తెలుసు, సాయంత్రమైనా కదలదు. అటు గుర్రాలు దూరం పోతున్నాయి. చివరికి నేనే "పా" అన్నాను. తోక ఒకసారి ఆడించి, గుర్రాల వైపు నడిచింది.

బస్సు కిటికీలోంచి చూసేసరికి నా స్టాపు దాటిపోయి చాలాసేపయింది. మా చాల్‌ను కూడా కూల్చి కొత్తది కడతారట, కాగితాల మీద సంతకాలు అవుతున్నాయి. ఆ షెడ్డు మీద ఏం లేస్తుందో, దాని గచ్చు ఎవరు చేస్తారో. కండక్టర్ మళ్లీ "ఆగే, ఆగే" అంటున్నాడు, ఈసారి నేను లేచి బుద్ధిగా ముందుకు నడిచాను. ఆ గుర్రం నెలరోజుల్లో నేర్చుకున్న మాట కాలానికి ఇన్నేళ్లయినా రాలేదు, నేను "ఆగే" అన్న ప్రతిసారీ అది హిందీలోనే విన్నది.